పాత రైఫిల్ కొనడం – 5వ పాఠం: నూనె తుడిచాకే గొట్టం చూడాలి

పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం వల్ల ఒకాయన ఇరవై వేలు ఇరికించుకున్నారు. ఆ వాక్యం ఇది: "బోల్టు తీసేసి గొట్టంలోకి టార్చి వేయండి, లోపల అద్దంలా మెరిస్తే సగం పని అయినట్టే." (బోల్టు అంటే గొట్టం వెనక భాగాన్ని మూసి పట్టే, వెనక్కి లాగితే వచ్చే ఇనుప భాగం.) కందుకూరు వైపు పాఠకుడు అచ్చం అలాగే చేశారు. .315 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రైఫిల్, లోపల ధగధగలాడుతోంది. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశారు. పది రోజుల తర్వాత తమ్ముడికి చూపించడానికి మళ్లీ వెళ్లారు. ఈలోగా తుపాకీ గోడకి నిలబెట్టి ఉంది. నూనె కిందికి జారిపోయింది. గొట్టం పై సగంలో ఆవగింజలంత గుంటలు, వాటి చుట్టూ గోధుమరంగు మచ్చలు కనిపించాయట.

కావలి నుంచి ఇంకొకరు దీనికి సరిగ్గా ఎదురుగా రాశారు. ఆయన చూసిన రైఫిల్ లోపల మెరవలేదు, బూడిదరంగులో మందంగా ఉంది. నా మాట నమ్మి వదిలేసి వచ్చారు. ఆయన పంపిన ఫోటోలో గాడులు (తూటా తిరుగుతూ పోవడానికి గొట్టం లోపల మెలికగా కోసిన గీతలు) అంచులతో సహా స్పష్టంగా ఉన్నాయి. అది మంచి గొట్టం. ఇద్దరికీ నష్టం చేసింది నా వాక్యమే. అందుకే ఈసారి చెబుతానన్న బోల్టు పాఠాన్ని పక్కన పెట్టి మళ్లీ గొట్టం దగ్గరికే వస్తున్నాను.

ముందు తొందర గురించి ఒక మాట. కందుకూరు ఆయన అడ్వాన్స్ ఎందుకిచ్చారంటే, అమ్మే మనిషి "రేపు ఇంకో పార్టీ వస్తున్నారు" అన్నాడట. మూడో పాఠంలో చెప్పాను, లైసెన్సు ఉన్నవాడు ఇంకో లైసెన్సుదారుకి ఆయుధం అమ్మాలంటే ఆ సంగతి ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక కనీసం 45 రోజులు గడవాలి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ఇది. అంటే రేపు వచ్చే పార్టీ కూడా రేపు ఎత్తుకెళ్లలేడు. మీకు టైం ఉంది. ఈ పాఠంలో చెప్పే పరీక్ష మొత్తానికి పట్టేది ఒక పూట.

కాగితాల సంగతి మళ్లీ చెప్పను. లైసెన్సు మీద బోరు, తుపాకీ నంబరు సరిచూడటం, ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఉంచుకోకూడని రకం, దాని దగ్గరికి పోకపోవడం (.303 చూపించి "ఇదీ అదీ ఒకటే" అనేవాళ్లు ఇంకా ఉన్నారు, ఒకటి కాదు), ఇవన్నీ మీకు తెలిసినవే. వేట సంగతీ అంతే. పేరు వేట రైఫిల్ అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక సరదా వేట అనేది లేదు. ఉదయగిరి కొండల నుంచి పందులు వేరుశనగ చేలో పడినా, అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కాలిస్తే నేరమే. మనం కొనేది రేంజ్‌లో గురి కోసం, లేదంటే తాతల నాటి వస్తువు మీద ప్రేమతో.

ఇప్పుడు గొట్టం.

మన దగ్గర పాత .315లు ఎక్కువగా ఎలాంటి జీవితం గడిపి వస్తాయో తెలిస్తే లోపల ఏం వెతకాలో మీకే తెలుస్తుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఒక మనిషికి మూడు తుపాకులు అన్నది రెండుకి తగ్గించారు. మూడోది ఉన్నవాళ్లు వదిలించుకోవాల్సి వచ్చింది. ఆ మూడోది ఎప్పుడూ ఇంట్లో అందరికంటే తక్కువ వాడిన తుపాకీయే, అంటే అందరికంటే తక్కువ తుడిచిన తుపాకీ. దానికి తోడు ఎన్నికలు వచ్చినప్పుడు చాలాసార్లు లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. ఎవరి తప్పూ లేదుగానీ, గుడ్డ సంచిలో నెలల తరబడి ఉండే తుపాకీకి చెమ్మ పడుతుంది. మనది సముద్రపు గాలి. కార్తీకంలో ముసురు పట్టిందంటే నెల్లూరులో బీరువాలో బట్టలకే బూజు వాసన వస్తుంది, ఇనుముకి చెప్పేదేముంది.

ఇంకొక సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. పాతకాలపు తూటాల క్యాపుల్లో (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) వాడిన రసాయనం కాలాక గొట్టంలో ఉప్పులాంటి పదార్థాన్ని వదిలేది. ఆ ఉప్పు గాలిలోని తేమని లాగుతుంది. నూనె గుడ్డతో తుడిస్తే పోదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే పాతవాళ్లు కాల్చి వచ్చిన సాయంత్రం గొట్టంలో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించేవాళ్లు. మా నాన్న అలాగే చేసేవాడు. అన్నం వార్చే గిన్నెలో నీళ్లు కాచినందుకు మా అమ్మ కోప్పడేది. నీళ్లు పోయకుండా నూనె మాత్రమే రాసిన గొట్టంలో ఆ ఉప్పు నూనె కింద కూర్చుని పని చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి. నూనె అద్దంలా పనిచేస్తుంది. గుంట నూనెతో నిండితే దాని పైభాగం చదునవుతుంది. టార్చి వెలుగు ఆ చదును మీద పడి తిరిగి మీ కంట్లోకి వస్తుంది. మీరు చూసిన మెరుపు ఉక్కుది కాదు, నూనెది. వాన వెలిసిన తర్వాత గుంతల రోడ్డు మీద బండి లైటు పడితే రోడ్డంతా నున్నగా మెరుస్తుంది కదా, చక్రం దిగాక గానీ గుంత లోతు తెలియదు. గొట్టం కూడా అంతే. అమ్మేవాడు మోసం చేయాలనే నూనె పోశాడని అనడం లేదు. తుపాకీకి నూనె పెట్టడం మంచి అలవాటే, చాలామంది చూపించే ముందు ముద్దుగా ఒక తడవ పట్టిస్తారు. కానీ మీరు డబ్బు ఇచ్చే ముందు ఆ నూనె పోవాలి.

ఎలాగంటే, ఇంటి నుంచే శుభ్రం చేసే కడ్డీ, పాత పంచె చింపిన అంగుళం ముక్కలు ఓ ఇరవై తీసుకెళ్లండి. నేను కొన్న గుడ్డలు వాడను, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచెని మించింది లేదు. రైఫిల్ చేతిలోకి రాగానే బోల్టు వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూపుతోనూ చిటికెన వేలితోనూ నిర్ధారించుకుని, బోల్టు బయటికి తీసేయండి. కడ్డీని వెనక నుంచే దూర్చండి, మూతి (తూటా బయటికి వచ్చే చివర) వైపు నుంచి కాదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. మొదట మూడు పొడి ముక్కలు లాగండి. తర్వాత కిరసనాయిలు తడిపినవి మూడు. కిరసనాయిలు దొరక్కపోతే పెయింట్ షాపులో టర్పెంటైన్ దొరుకుతుంది. మళ్లీ పొడివి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా.

లాగిన ముక్కల్ని పారేయకండి. వరసగా ఒక పేపరు మీద పరచండి. ముందు నల్లగా వస్తాయి, అది మసి, పట్టించుకోవద్దు. నలుపు తగ్గిన తర్వాత కాఫీ పొడి రంగు మొదలైతే అది తుప్పు. ఒకటి రెండు ముక్కల్లో వచ్చి ఆగిపోతే పైపై తుప్పు, భయం లేదు. ఎనిమిదో ముక్క, పదో ముక్క కూడా అదే రంగులో వస్తుంటే లోపల గుంటల్లో ఇంకా ఉంది. పోయిన ఏడాది పొదలకూరు దగ్గర నేను చూసిన ఒక రైఫిల్‌లో పన్నెండో ముక్క కూడా కాఫీ రంగులోనే వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన పక్కనే కూర్చుని "ఏం నాయనా, ఇంక చాల్లే" అంటూనే ఆ ముక్కల వైపు చూసి తనే ధర తగ్గించాడు. నేను కొనలేదు. ముక్కలు మాత్రం ఆయనే దాచుకున్నాడు, కొడుక్కి చూపిస్తానని.

గొట్టం పొడిబారాక టార్చి వేయండి. నేను టార్చి కంటే, బోల్టు తీసిన చోట తెల్ల కాగితం మడిచి పెట్టి, పగటి వెలుతురులో మూతి వైపు నుంచి చూడటానికే ఇష్టపడతాను. వెలుగు మెత్తగా ఉంటుంది, నీడలు దాక్కోవు. చూడాల్సింది మెరుపు కాదు, గాడుల అంచు. గాడి అంచు కత్తిరించినట్టు నిటారుగా, మూతి దాకా తెగకుండా మెలిక తిరుగుతూ పోతే, లోపలి రంగు బూడిదే అయినా గొట్టం పనిచేస్తుంది. అంచు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటే మెరిసినా వదిలేయండి. కావలి ఆయనకి ఇదే చెప్పాను. ఆ రైఫిల్ ఇంకా అక్కడే ఉంటే ఈ వారం మళ్లీ వెళ్తానన్నారు.

ఒక్క దానికి మాత్రం బేరం లేదు. చూస్తున్నప్పుడు గొట్టంలో ఎక్కడైనా ఉంగరంలా నల్లటి వలయం కనిపిస్తే, బయట ఆ చోటే వేళ్లతో నిదానంగా నిమరండి. చాలాసార్లు ఉబ్బు తగులుతుంది. లోపల ఏదో అడ్డు ఉండగా కాల్చిన గొట్టం అది. మట్టిగూడు కట్టే కందిరీగకి గోడకి నిలబెట్టిన తుపాకీ మూతి కంటే మంచి చోటు దొరకదు. ఎవరో చూసుకోకుండా కాల్చి ఉంటారు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు, ప్రాణానికే ముప్పు.

మూతి సంగతి. కడ్డీని మూతి వైపు నుంచి దూర్చే అలవాటు ఉన్న ఇంట్లో, ఏళ్ల తరబడి ఆ ఇనుప కడ్డీ ఒకే పక్క రాసుకుని గాడుల చివర్లు అరిగిపోతాయి. తూటా గొట్టం వదిలే చివరి చోటు అదే, అక్కడ ఒక పక్క అరిగితే గురి చెడుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో మూతి లోపలి అంచు చుట్టూ తిప్పండి. దూది పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గీరుకుపోయింది. ఇది బాగు చేయించగలిగే లోపమే, లైసెన్సు ఉన్న రిపేరు షాపులో మూతి కొద్దిగా కోసి సరిచేస్తారు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి. కొందరు ఇంకా పేలని అసలు తూటా కొన మూతిలో పెట్టి ఎంత లోపలికి దిగుతుందో చూస్తారు. అలా ఎప్పుడూ చేయకండి.

మిగతావి త్వరగా. లీ-ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైన్యపు రైఫిల్) పద్ధతి రైఫిల్ అయితే బోల్టు పిడి వెనక ఉన్న నంబరు, బాడీ మీది నంబరు కలవాలి. కలవకపోతే ఆ బోల్టు ఆ తుపాకీలో పుట్టింది కాదు, అది ఆ గొట్టానికి సరిపోతుందో లేదో కొలవడం వచ్చే పాఠంలో నేర్చుకునేదాకా డబ్బు ఇవ్వకండి. వెనక కొయ్య పట్టుకుని మెలితిప్పితే కదులుతుందా చూడండి. కదిలినా కంగారు వద్దు, లోపలి పొడుగు స్క్రూ వదులై ఉంటుంది. కానీ అమ్మేవాళ్లింట్లో దాన్ని మీరు బిగించబోకండి. కొన్నిటిలో ముందు కొయ్య విప్పకుండా ఆ స్క్రూ తిప్పితే కొయ్య పగులుతుంది. బయట కొత్తగా నల్లరంగు పట్టించిన తుపాకీ కనిపిస్తే నంబర్ల అంకెల అంచులు చూడండి. పాలిష్ పడిన అంకెలు మసకగా, లోతు తగ్గి ఉంటాయి.

అభ్యాసం. ఈసారి తుపాకీతో కాదు, పదిహేను రోజులు పడుతుంది, తప్పకుండా చేయండి. పాత ఇనుప సామాను షాపులో వేలెడు లావు ఇనుప గొట్టం అడుగున్నర పొడవుతో రెండు ముక్కలు కొనండి. ఒకదాని లోపల ఉప్పు నీళ్లు పోసి వంపేసి, వారం రోజులు వంటింటి కిటికీలో ఉంచండి. రోజూ ఒకసారి తడపండి. రెండోదాన్ని పొడిగా ఉంచండి. వారం తర్వాత రెండింటికీ బాగా నూనె పట్టించి, ఇంట్లో ఇంకొకరిని వాటి చివర్లకి గుర్తులు పెట్టి కలిపేయమనండి. టార్చితో చూసి ఏది ఏదో రాయండి. తర్వాత కిరసనాయిలు ముక్కలు లాగుతూ, ఎన్నో ముక్క దగ్గర మీ అభిప్రాయం మారిందో రాయండి. తుడిచి మళ్లీ చూడండి. తర్వాత ఒకదాన్ని గోడకి నిలబెట్టి మరో వారం వదిలేసి, పై సగం, కింది సగం విడివిడిగా చూడండి. ముక్కల ఫోటో పంపండి. కందుకూరు ఆయన ఇప్పటికే మొదలుపెట్టారు, ఆయన ఇరవై వేలు వెనక్కి వచ్చాయో లేదో కూడా ఆ ఫోటోతో పాటే రాస్తారు.