తరగతిలో మాట – మూడో పాఠం: ‘కరెక్ట్’ అనే ముందు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏదో ఒక పీరియడ్‌లో పది నిమిషాలు ఫోన్ టేబుల్ మీద పెట్టి మీ తరగతిని రికార్డు చేసుకోమన్నాను. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో ఇంటికెళ్ళి విని లెక్కపెట్టమన్నాను. చేసినవాళ్ళు ఆ రికార్డింగు మళ్ళీ బయటికి తీయండి, ఇవాళ కూడా దానితోనే పని. చేయనివాళ్ళు ముందు అది చేసి వచ్చి ఇది చదవండి. మన గొంతు మనం వినకుండా ఈ పాఠం చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈసారి వినాల్సింది ప్రశ్న తర్వాత కాదు, జవాబు తర్వాత. ఒక కాగితం తీసుకోండి. పిల్లలు జవాబు చెప్పిన ప్రతిసారీ మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో రాయండి.

నేను మొదటిసారి రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ‘వెరీ గుడ్’, ‘కరెక్ట్’, ‘కాదు, ఇంకెవరు?’, ‘కూర్చో’, మళ్ళీ ‘వెరీ గుడ్’. రెండుచోట్ల ‘ఆఁ, అదే! అంటే ఏంటంటే...’ అని ఉంది. అక్కణ్ణుంచి నేనే చాలాసేపు మాట్లాడేశాను. పిల్లల జవాబులన్నీ ఒకటి రెండు మాటలే. ఒక పిల్ల చెప్పినదాని మీద ఇంకో పిల్ల మాట్లాడిన చోటు ఒక్కటీ లేదు. ఆ రోజు పాఠం బాగా జరిగిందనే అనుకుంటూ ఇంటికి వచ్చాను. రికార్డింగు విన్నాక చాలా బాధేసింది.

ఇది మన బడుల్లోనే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో హ్యూ మెహన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక ప్రాథమిక తరగతిలో జరిగిన మాటల్ని రికార్డు చేసి పరిశీలించి, 1979లో ఆ వివరాలు ప్రచురించాడు. తరగతిలో మాట ఎక్కువగా మూడు మెట్లలో నడుస్తుందని చూపించాడు. టీచర్ అడుగుతుంది, పిల్ల చెబుతుంది, టీచర్ తీర్పు ఇస్తుంది. అంతటితో ఆ ముచ్చట ముగిసి కొత్త ప్రశ్న మొదలవుతుంది. మన పాఠం ఈ మూడో మెట్టు గురించే.

‘వెరీ గుడ్’ అంటే తప్పేముంది, పిల్లలకు ఉత్సాహం ఉండొద్దా అని మీరు అడగొచ్చు. ఉత్సాహం ఉండాలి. కానీ ఆ మాట చెప్పినవాడికి ఒకలా, మిగతా నలభై మందికి ఇంకోలా వినిపిస్తుంది. ‘జవాబు దొరికింది, ఇక మీరు ఆలోచించక్కర్లేదు’ అని వాళ్ళకు అర్థమవుతుంది. ఎత్తిన చేతులు దిగిపోతాయి. ఈసారి ‘కరెక్ట్’ అన్న వెంటనే వెనక బెంచీల వైపు చూడండి, మీకే కనపడుతుంది.

ఒక పీరియడ్ ఎలా నడిచిందో చెబుతాను. జిల్లా పరిషత్ హైస్కూలు, ఏడో తరగతి, వానాకాలం. కూల్‌డ్రింకుల కొట్లో అడిగి తెచ్చిన ఐసు ముక్కలు స్టీలు గ్లాసులో వేసి, నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను. కాసేపటికి గ్లాసు బయట చుక్కలు పేరుకున్నాయి. ‘ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?’ అని అడిగాను.

ముందు బెంచీ అబ్బాయి టక్కున లేచాడు. ‘గాలిలో ఉన్న నీటి ఆవిరి, టీచర్. సాంద్రీకరణం.’

జవాబు సరైనదే. ‘వెరీ గుడ్’ నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకొని, ‘వాడు ఏమన్నాడో మీ మాటల్లో ఎవరైనా చెబుతారా?’ అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టాను. అప్పుడు కిటికీ పక్కనున్న అమ్మాయి, లేవకుండానే, మెల్లగా అంది: ‘గాలిలో నీళ్ళుంటే మనం తడవాలి కదా టీచర్?’

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. ‘మంచి అనుమానం. దీనికి ఏమంటారు?’ అని ఆ ప్రశ్నను తరగతికే వదిలేశాను. ఇంకో అబ్బాయి అన్నాడు: ‘లోపలి నీళ్ళే బయటికి వచ్చాయి టీచర్. మా ఇంట్లో కుండ కూడా బయట తడిగానే ఉంటుంది.’

ఈ మాట దగ్గర కాస్త ఆగండి. వాడు చెప్పింది తప్పని కొట్టిపారేయడం చాలా సులువు. కానీ కుండ విషయంలో వాడి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మట్టికుండ సన్నని రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, అది ఆవిరవుతుంది కాబట్టే కుండనీళ్ళు చల్లబడతాయి. వాడు రోజూ కళ్ళతో చూసినదాన్ని గ్లాసుకు వర్తింపజేశాడు. ‘కాదు, కూర్చో’ అని ఉంటే తన ఇంట్లో చూసినదానికి బడిలో విలువ లేదని వాడికి అర్థమయ్యేది. అందుకే ‘కుండ సంగతి నిజమే. స్టీలు గ్లాసు కూడా అంతేనా? ఎలా తేలుస్తాం?’ అని అడిగాను.

అక్కణ్ణుంచి నేను పెద్దగా మాట్లాడాల్సిన పని లేకపోయింది. లోపలి నీళ్ళలో పసుపు కలిపి చూద్దామని ఒకరు అన్నారు. పసుపు నీళ్ళలో కరగదు, అడుగున కూర్చుంటుంది, ఎర్ర సిరా అయితే మేలని ఇంకొకరు దిద్దారు. సిరా కలిపాం. గ్లాసు తుడిచి మళ్ళీ చూస్తే బయటి చుక్కలకు రంగే లేదు. కుండ అబ్బాయి ఊరుకోలేదు: ‘టీ వడకడితే పొడి ఆగిపోయినట్టు రంగు లోపలే ఆగిపోయిందేమో!’ వెంటనే ఒక అమ్మాయి: ‘టీలో పొడి ఆగుతుంది గానీ రంగు కిందికి దిగుతుంది కదా!’

ఏడో తరగతి పిల్లలు ఒకరి పోలికను ఇంకొకరు ఇలా పరీక్షించడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ పిల్లలకు ఆ శక్తి అంతకుముందూ ఉండే ఉంటుంది. నేనే చోటు ఇవ్వలేదు.

ఈ లోపు మొదట జవాబు చెప్పిన అబ్బాయి ఇబ్బంది పడుతూ కూర్చున్నాడు. ‘మనం తడవాలి కదా’ అన్న ప్రశ్న వాడినింకా వదల్లేదు. చివరికి లేచి అన్నాడు: ‘నీళ్ళలాగా ఉండవు టీచర్, కనపడకుండా ఉంటాయి. బట్టలు ఆరినప్పుడు ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి మరి?’ సాంద్రీకరణం అన్న మాట వాడికి ముందే వచ్చు. దాని వెనకున్న విషయం మాత్రం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వల్ల తెలుసుకున్నాడు. మొదట్లోనే ‘వెరీ గుడ్’ అని ఉంటే వాడికీ నష్టమే జరిగేది.

బెల్లు కొట్టే ముందు ఒక అబ్బాయి తూకం వేద్దామన్నాడు. వాళ్ళది కిరాణా కొట్టు. లోపలి నీళ్ళే బయటికి వస్తే మొత్తం బరువు మారకూడదు, గాలిలోంచి వస్తే పెరగాలి అన్నాడు. మర్నాడు ఒక స్టీలు పాల క్యాన్‌లో ఐసు వేసి, మూత గట్టిగా పెట్టి, వాళ్ళ కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాం. అరగంటలో బరువు కొన్ని గ్రాములు పెరిగింది. మీరు చేసేటట్టయితే గ్లాసు కన్నా పెద్ద పాత్ర తీసుకోండి, చుక్కలు ఎక్కువ పట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది. చెయ్యి తగిలి చుక్కలు తుడుచుకుపోకుండా చూసుకోండి. ఎండాకాలం పొడి గాలిలో అంతగా పట్టవు.

ఇక మీరు నేర్చుకోవాల్సిన మాటలు. ‘కరెక్ట్’ స్థానంలో నేను వాడేవి నాలుగైదే. ‘ఇంకొంచెం చెప్పు.’ ‘ఎందుకలా అనుకుంటున్నావు?’ ‘ఆమె ఏమందో నీ మాటల్లో చెప్పు.’ ‘దీనికి ఎవరైనా ఏదైనా కలుపుతారా?’ పిల్ల మాట గజిబిజిగా ఉంటే ‘అంటే నువ్వనేది ఫలానా, అంతేనా?’ ఈ చివరిదానిలో ‘అంతేనా?’ చాలా ముఖ్యం. అది లేకపోతే పిల్ల చెప్పినదాన్ని మన మాటగా మార్చేసుకుంటాం. అది ఉంటే ‘కాదు టీచర్, నేనన్నది అది కాదు’ అని సరిదిద్దే హక్కు ఆ పిల్లకే ఉంటుంది. మొదట్లో ఎవరూ ‘కాదు’ అనరు. ఒక్కరు అన్న రోజున తరగతి మారడం మొదలైందని నమ్మొచ్చు.

అన్నీ ఒకేసారి వాడొద్దు. ఈ వారానికి ‘ఎందుకలా అనుకుంటున్నావు?’ ఒక్కటి చాలు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. తప్పు జవాబు వచ్చినప్పుడే దాన్ని అడిగితే, ‘ఎందుకు అంటే తప్పన్నమాట’ అని పిల్లలు రెండు రోజుల్లో పసిగట్టేస్తారు. సరైన జవాబుకు కూడా అదే గొంతుతో, అదే ముఖంతో అడగాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. జవాబు సరైనదైతే ముఖం దానంతటదే విప్పారుతుంది, పిల్లలు మాటకన్నా ముందు ముఖాన్నే చదువుతారు.

జవాబు వచ్చాక ఆగడం గురించి కూడా ఒక మాట. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను దగ్గరే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో చూపించిందని పోయిన పాఠంలో చెప్పాను. ఆమె కొలిచింది ఆ ఒక్క విరామమే కాదు, పిల్ల చెప్పడం ముగించాక టీచర్ మళ్ళీ నోరు తెరిచే వరకు ఉండే విరామాన్ని కూడా. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగినచోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అడగకుండానే మాట్లాడేవాళ్ళు పెరిగారు. పిల్ల ఆపిందనుకుంటాం, నిజానికి తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ ఉంటుంది.

‘ఇలా అయితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?’ ఈ ప్రశ్న నన్ను అడగని టీచర్ లేరు. ప్రతి ప్రశ్నకూ ఇలా చేయనక్కర్లేదు. నీటి ఫార్ములా ఏమిటి, జిల్లా ముఖ్యపట్టణం ఏది అని అడిగితే ‘కరెక్ట్’ అని ముందుకు వెళ్ళిపోండి, అక్కడ చర్చించడానికి ఏమీ లేదు. పీరియడ్‌కు ఒక్క ప్రశ్న ఎంచుకోండి. పిల్లలకు ఒకటికి మించిన అభిప్రాయాలు ఉండే ప్రశ్న, చేసి చూసి తేల్చుకోగలిగే ప్రశ్న అయితే మంచిది. దానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి.

తప్పు అభిప్రాయం అలాగే ఉండిపోతుందేమోనన్న భయం కూడా సరైనదే. అందుకే స్పష్టంగా చెబుతున్నాను: టీచర్ సరైన విషయం చెప్పాలి. చెప్పకుండా వదిలేయమని ఈ పాఠం ఎక్కడా అనదు. మర్నాడు తూకం అయ్యాక సాంద్రీకరణం గురించి నేనే బోర్డు మీద రాసి, విడమరిచి చెప్పాను. ఆలస్యంగా చెప్పానంతే. అప్పటికి ఆ మాట కోసం నలభై మంది ఎదురు చూస్తున్నారు.

భాష గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఇప్పుడు మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చర్చ ఏ భాషలో జరగాలి? నా అనుభవంలో ఆలోచన సాగుతున్నంతసేపూ పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగే ఉండాలి, అది ఏ జిల్లా యాస అయినా సరే. వాక్యం మధ్యలో ఉచ్చారణ దిద్దితే ఆలోచన అక్కడే తెగిపోతుంది. తేలిన విషయాన్ని చివర్లో ఇద్దరిద్దరు కలిసి రెండు ఇంగ్లీషు వాక్యాల్లో రాయమనండి. చెప్పాల్సింది చేతిలో ఉంది కాబట్టి, ఆ రెండు వాక్యాలూ కష్టపడైనా రాస్తారు.

ఈ వారం పని: మీ సబ్జెక్టులో ఒక ప్రశ్న ఎంచుకోండి. తరగతికి వెళ్ళే ముందు, దానికి పిల్లలు చెప్పగల మూడు జవాబులు ఊహించి రాసుకోండి. మూడిట్లో కనీసం ఒకటి తప్పుదై ఉండాలి, కానీ దాని వెనక కుండలాంటి నిజం ఒకటి ఉండాలి. మళ్ళీ పది నిమిషాలు రికార్డు చేయండి. ఇంటికి వచ్చాక పాత కాగితం పక్కనే కొత్త కాగితం పెట్టుకొని, జవాబు తర్వాత మీ మొదటి మాటలు రాయండి. పిల్ల మాట వెంటనే ఇంకో పిల్ల మాట వచ్చిన చోట, మధ్యలో మీరు లేని చోట, చుక్క పెట్టండి. ఒక్క చుక్క వచ్చినా చాలు.

వచ్చే పాఠంలో విభేదించడం గురించి చూద్దాం: ‘నువ్వు తప్పు’ అనకుండా ‘నాకలా అనిపించట్లేదు, ఎందుకంటే...’ అనడం, ముఖ్యంగా మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకోని తరగతుల్లో. మీ చుక్కల కాగితం దగ్గర పెట్టుకొని రండి.