ల్యాప్‌టాప్‌లో వస్తుంది, లింకులో రాదు: కాలేజీ ప్రాజెక్టును గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టడం

రివ్యూ ముందు రోజు రాత్రి హాస్టల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు: "నా దాంట్లో బానే వస్తోందిరా, లింకు పంపితే ఫొటోలు రావట్లేదు." తప్పు కోడులో ఉండటం తక్కువ. ఫైళ్ల పేర్లలోనో, వాటికి మనం రాసిన దారిలోనో ఉంటుంది.

గిట్‌హబ్ అంటే కోడు దాచుకునే సైటు. అందులోని పేజెస్ సదుపాయం మీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు బ్రౌజర్‌కి అందిస్తుంది, అంతే. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో చేసిన ప్రాజెక్టుకు అది చాలు. ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా మార్చే ఎక్సాంప్ పెట్టుకుని, సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కట్టిన లాగిన్ పేజీ మాత్రం అక్కడ నడవదు. దానికి వేరే హోస్టింగ్ వెతుక్కోండి, ఇక్కడ కుస్తీ పట్టడం దండగ.

పెట్టే పని పది నిమిషాలది. గిట్‌హబ్‌లో కొత్త రిపాజిటరీ, అంటే ప్రాజెక్టు ఫైళ్లుండే చోటు, తెరవండి. ఉచిత అకౌంటైతే అది పబ్లిక్‌గా ఉండాలి. ఫైళ్లు ఎక్కించి, సెట్టింగ్స్‌లో పేజెస్‌కి వెళ్లి, బ్రాంచ్ దగ్గర మెయిన్, ఫోల్డర్ దగ్గర రూట్ ఎంచుకుని సేవ్ నొక్కండి. సైటు సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో వస్తుంది, ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. ఈలోపు నాలుగుసార్లు సెట్టింగ్స్ మార్చకండి. మార్పు చేశాక కూడా పాత పేజీయే కనిపిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి.

పేజీ దొరకలేదని 404 వచ్చిందా? మొదట చూడాల్సింది ఇండెక్స్ ఫైలు, అంటే సైటు తెరవగానే వచ్చే ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్. దాని పేరు మొత్తం చిన్న అక్షరాల్లో ఉండాలి, రిపాజిటరీలో అన్నిటికంటే పైన ఉండాలి. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ వస్తుంది కదా, చాలామంది దాన్ని అలాగే ఎక్కించేస్తారు. అప్పుడు ఇండెక్స్ ఒక మెట్టు లోపల పడిపోతుంది. సైటు బదులు ప్రాజెక్టు వివరాలు రాసుకునే రీడ్‌మీ ఫైలు కనిపిస్తోందంటే దాదాపు ఇదే కారణం. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే పేరు చివర టీఎక్స్‌టీ తగులుకునే ప్రమాదమూ ఉంది. విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి చూడండి.

ఇక ఫొటోల గొడవ. ఫోన్‌లోంచి వచ్చిన బొమ్మ పేరు చివర జేపీజీ ఒక్కోసారి పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మీరు కోడులో చిన్న అక్షరాల్లో రాస్తారు. విండోస్‌కి రెండూ ఒకటే కాబట్టి మీ దగ్గర బొమ్మ వస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. పేరులో చిన్న పెద్ద అక్షరాలు మాత్రమే మారిస్తే విండోస్‌లో గిట్ (మీ మెషీన్‌లో ఫైళ్ల మార్పులను నమోదు చేసే ప్రోగ్రామ్) ఆ మార్పును గుర్తించకపోవచ్చు. గిట్ ఎంవీ ఆదేశంతో ముందు ఏదో తాత్కాలిక పేరు పెట్టి, మళ్లీ అదే ఆదేశంతో అసలు పేరుకు మార్చి కమిట్ చేయండి, అంటే ఆ మార్పును గిట్‌లో నమోదు చేయండి. అసలు మొదటి రోజు నుంచే అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

దారి తప్పులు రెండు రకాలు. సీ డ్రైవ్‌తో మొదలయ్యే దారి మీ మెషీన్‌లో తప్ప ఎక్కడా దొరకదు, అది తెలిసిందే. రెండోది కనిపెట్టడం కష్టం: దారి మొదట్లో ఉండే ఏటవాలు గీత (/). ఆ గీత ఉంటే బ్రౌజర్ డొమైన్ మొదటి నుంచి వెతుకుతుంది. మీ మెషీన్‌లోనే సైటు నడిపి చూపించే లైవ్ సర్వర్‌లో మీ ఫోల్డరే మొదలు కాబట్టి స్టైల్ షీటు దొరుకుతుంది. గిట్‌హబ్ పేజెస్‌లో మీ సైటు డొమైన్ తర్వాత రిపాజిటరీ పేరు కింద ఉంటుంది, అక్కడ దొరకదు. ముందున్న గీత తీసేయండి. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎర్రగా ఉన్న వరుసను క్లిక్ చేస్తే బ్రౌజర్ ఏ చిరునామాలో వెతికిందో అక్షరం పొల్లుపోకుండా చూపిస్తుంది. ఊహించుకుంటూ కూర్చోవడం కంటే అది చూడటం మేలు.

బ్రౌజర్‌లోంచి ఎక్కిస్తే ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదు. కమాండ్ లైన్ నుంచైతే 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తిప్పి పంపేస్తుంది. డెమో వీడియోను యూట్యూబ్‌లో పెట్టి లింకివ్వండి. దించుకున్న లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని, పాస్‌వర్డ్‌లాంటి రహస్య కీలున్న ఎన్వ్ ఫైలుని గిట్ ఇగ్నోర్‌లో, అంటే ఎక్కించకూడనివాటి జాబితాలో రాయండి. కీ ఒకసారి పుష్ అయిపోతే, అంటే గిట్‌హబ్‌కి ఎక్కిపోతే, ఫైలు తీసేసినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, శుభ్రం చేయడం తర్వాత.

ల్యాబ్ కంప్యూటర్ నుంచి పుష్ చేస్తే ఇంకో తమాషా. 403 అని, మీకు తెలియని యూజర్ పేరుకు అనుమతి లేదని వస్తుంది. ముందు బ్యాచ్‌లో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల లాగిన్ అందులో ఉండిపోయిందన్నమాట. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్ తెరిచి గిట్‌హబ్ పేరున్నది తీసేసి మళ్లీ పుష్ చేయండి. వెళ్లేముందు మీదీ తీసేయండి. అకౌంట్ పాస్‌వర్డ్ కొడితే పనిచేయదు, 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ దాన్ని ఆపేసింది. బ్రౌజర్ ద్వారా లాగిన్ అవ్వండి, లేదా పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ వాడండి. కమిట్ చేసేముందు గిట్ కాన్ఫిగ్‌లో పేరు, ఈమెయిల్ ఎవరివో కూడా చూడండి. లేకపోతే మీరు చేసిన పని వేరేవాళ్ల ఖాతాలో కనిపిస్తుంది.

పేజీలో తెలుగు ఉంటే హెడ్ మొదలవగానే, అక్షరాలను ఎలా చదవాలో బ్రౌజర్‌కి చెప్పే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టండి. ఫైలును తెలుగు పట్టని ఆన్సీ పద్ధతిలో సేవ్ చేసి మూసేశారంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, తిరిగి రాదు. బటన్‌కి 30 పిక్సెళ్ల ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే ఇంగ్లీషుకి సరిపోతుంది గానీ "రాష్ట్రం"లో కింది ఒత్తు తెగిపోవచ్చు. ఎత్తు తీసేసి ప్యాడింగ్ ఇవ్వండి, లైన్ హైట్ 1.7 దగ్గర ఉంచండి. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి పేరాలకు బాగుంటుంది, రామభద్ర శీర్షికలకే.

అంతా అయ్యాక వైఫై ఆపేసి, ఫోన్‌లో మొబైల్ డేటాతో ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో లింకు తెరిచి చూడండి. రివ్యూ చేసే మేడమ్ ఫోన్‌లో కనిపించేది సుమారుగా అదే.