మామూలు ల్యాప్‌టాప్‌కి 4కె మానిటర్ పెట్టేటప్పుడు
అనంతపురంలో మా ఇంట్లో 4కె మానిటర్ తగిలించిన రోజు మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, ఇంతేనేమో అనుకున్నాను. కాదు, తేడా పోర్టులో ఉంది. హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకం అయితే 4కెకి, అంటే 3840×2160 చుక్కల తెరకి, మామూలుగా 30 హెర్ట్జే వస్తుంది, అంటే బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతుంది. 60 కావాలంటే ల్యాప్‌టాప్, కేబుల్, మానిటర్ మూడూ హెచ్‌డీఎంఐ 2.0కి సరిపడాలి. యూఎస్‌బీ-సీ పోర్టులోంచి వీడియో వస్తుందేమో మీ మోడల్ వివరాల్లో ముందు చూడండి, వస్తే దాన్నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేసుకోవడమే నా లెక్కలో మేలు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ ఎంచుకోండి, ఒక్కోసారి దానంతటది మారదు. అక్షరాలు చీమల్లా కనిపిస్తే అక్కడే స్కేలింగ్ (అక్షరాల, బొమ్మల సైజు) 150 శాతం పెట్టండి. ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే రెండోది వేయించండి, విడి కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే.