పాత హెరిటేజ్ ఇంటికి కాంట్రాక్టర్ కావాలా? ముందు సున్నం గురించి అడగండి

హైదరాబాద్ గౌలిగూడలోనో, సుల్తాన్ బజార్‌లోనో, సికింద్రాబాద్ పాత గల్లీల్లోనో తాతల నాటి ఇల్లు చేతికొచ్చి, కూలగొట్టకుండా బాగు చేయించుకుందాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది. చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టర్ గోడ మీద అరచేత్తో కొట్టి "ఇదంతా చెక్కేసి సిమెంట్ చేసేద్దాం సార్, ఇంక యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడా, టీ ఇచ్చి పంపించేయండి. రేటు ఎంత తక్కువ చెప్పినా సరే.

ఆ గోడలు రాయి, ఇటుక, సున్నంతో కట్టినవి. నేల తేమను ఆపే పొర కింద ఉండదు కాబట్టి చెమ్మ పైకి ఎక్కుతూనే ఉంటుంది, పైన సున్నం గచ్చు ఉంటే అది ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, సిమెంట్ పూస్తే మాత్రం లోపలే చిక్కుకుని, కొన్ని వానాకాలాలు గడిచేసరికి తెల్లగా ఉప్పు తేలి, ప్లాస్టర్ పెచ్చులుగా ఊడుతూ వెనకున్న ఇటుక పొరని కూడా లాక్కుపోతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో అంతకుముందు మరమ్మతుల పేరుతో పూసిన సిమెంట్‌ని గీకి తీసేసి మళ్ళీ సున్నమే వాడారు. అలాంటి చోట పనిచేసిన మేస్త్రీ దొరికితే మీ అదృష్టం. పేర్ల కోసం వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ చాప్టర్‌ని అడగొచ్చు, పాత కట్టడాల మరమ్మతు తెలిసిన కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుంటే ఇంకా మంచిది, కానీ ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్ కుమ్మక్కు కాకుండా చూసుకోండి.

పర్మిషన్ సంగతి. పాత హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) హెరిటేజ్ జాబితాకి ఆధారమైన రెగ్యులేషన్ 13ని 2015లో తీసేశారు కదా, ఇంక ఏమైనా చేసుకోవచ్చు అనే కాంట్రాక్టర్లు ఉన్నారు. కానీ 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది, కాబట్టి మీ ఇల్లు ఇప్పుడు ఏ జాబితాలో ఉందో టౌన్ ప్లానింగ్ వాళ్ళ దగ్గర మీరే రాతపూర్వకంగా తెలుసుకోండి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల ఉంటే కొత్త కట్టడం కుదరదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా కూడా నియంత్రణే, మరమ్మతుకి సైతం అనుమతి కావాలి. "అవన్నీ మేం చూసుకుంటాం, టెన్షన్ పడకండి" అనేవాడి మాట నమ్మొద్దు, నోటీసు వచ్చేది ఇంటి ఓనర్ పేరు మీదే.

ఇక మనిషిని పరీక్షించడం. సున్నం పని వచ్చా అని అడిగితే అందరూ వచ్చనే అంటారు, సున్నంలో కలిపే బెల్లం నీళ్ళు, కరక్కాయ, గుడ్డు సొన అని మంత్రంలా చదువుతారు కూడా. అది వదిలేసి, సున్నం ఎన్నాళ్ళు నానేస్తావు, ఇసుకా ఇటుక పొడీ కలిపి దేంట్లో రుబ్బిస్తావు, పూశాక తడి గోనె పట్టాలు ఎన్నాళ్ళు కడతావు అని అడగండి. పని తెలిసినవాడు వారాల లెక్కలో మాట్లాడతాడు, ఎండాకాలం ఎండకి గచ్చు త్వరగా ఆరి పగులుతుందని తనే చెప్తాడు. "తొందరగా పట్టడానికి కొంచెం సిమెంట్ కలుపుతాం" అంటే అక్కడితో ఆపేయండి.

ఇంకొకటి, వచ్చినవాడు ముందు ఎక్కడికి వెళ్తున్నాడో గమనించండి. పనిమంతుడు హాల్లో కూర్చోడు, మిద్దె ఎక్కుతాడు. టేకు దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాడు, ఎందుకంటే దూలం మధ్యలో బండలా ఉన్నా గోడలో ఉన్న కొస చెమ్మకి పుచ్చి ఉంటుంది. పుచ్చిన కొస వరకే కోసి కొత్త టేకు అతికిద్దాం అనేవాడు మీకు కావలసినవాడు, మొత్తం తీసేసి స్లాబ్ వేద్దాం అనేవాడు ఆ బరువు సున్నం గోడలు ఎలా మోస్తాయో చెప్పలేడు. అలాగే వైరింగ్ కోసం గోడలకి కట్టర్ పెట్టి గాడులు కొడతాడా, గోడ మీదుగానే పైపుల్లో తీసుకెళ్తాడా అన్నది కూడా అడగండి.

అతను చేసిన పాత పనులు చూడాలంటే ఫోన్లో ఫోటోలు కాదు, కనీసం రెండు వానాకాలాలు చూసిన ఇల్లు ఒకటి చూపించమనండి, వీలైతే ఆగస్టులో వెళ్ళండి. కింద నుంచి నడుము ఎత్తు దాకా గోడ చూడండి, వేలి కణుపుతో కొట్టి వినండి, డొల్లగా మోగితే గచ్చు గోడని వదిలేసిందన్నమాట. ఆ ఇంటివాళ్ళని ఒక్క మాట అడగండి: మేస్త్రీ మొదటి నుంచి చివరి దాకా ఒకడేనా, మధ్యలో మారిపోయాడా? చాలా చోట్ల కాంట్రాక్టర్ పేరు పెద్దదే, పని చేసేది మాత్రం నిన్నటి దాకా అపార్ట్‌మెంట్లు కట్టిన టీం. మీ గోడ మీదే మూడడుగుల ముక్క ఒకటి డబ్బులిచ్చి పూయించుకుని, ఆరాక నచ్చితేనే అడ్వాన్స్ ఇవ్వండి.

అగ్రిమెంట్‌లో మొత్తానికి ఇంత అని కాకుండా ఐటం వారీగా రేట్లు రాయించుకోండి, పాత ఇంట్లో గచ్చు తీస్తే గానీ వెనక ఏముందో తెలియదు, గంపగుత్తగా మాట్లాడుకుంటే అదనం అంటూ రోజూ పంచాయితీయే. తీసిన పాత సామాను, అంటే టేకు తలుపులు, కిటికీలు, ఇనుప గర్డర్లు, షాబాద్ బండలు, రంగు అద్దాలు, అన్నీ మీవేనని స్పష్టంగా రాయాలి. రేటు మరీ తక్కువ చెప్పినవాడి కన్ను తరచుగా ఆ కలప మీదే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ప్రతి తలుపుకీ నంబర్ వేసి ఫోటో తీసి పెట్టుకోండి.

డబ్బు పని దశల ప్రకారం ఇవ్వండి, చివరి పది శాతం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకుంటామని ముందే చెప్పండి. అంతకన్నా ఎక్కువ ఆపుతామంటే మంచి మేస్త్రీ ఎవరూ ఒప్పుకోడు, అతనూ వారం వారం కూలీలకి ఇచ్చుకోవాలి కదా.