కిటికీ అద్దాలకు చెమట పడుతోందా? (జర్మనీకి కొత్తగా వచ్చినవారికి)

చలి ముదిరాక ఓ పొద్దున లేచి చూస్తే కిటికీ అద్దం నిండా నీటిబొట్లు, కింద చట్రం మీద చిన్న మడుగు. వచ్చిన మొదటి ఏడాది నేనూ కంగారుపడ్డాను. బయటి మంచు ఏ సందులోంచో దూరుతోందనుకుని కిటికీలన్నీ బిగించి, అంచులకు టేపు కూడా అంటించాను. చేయకూడనిది సరిగ్గా అదే.

ఆ నీళ్లు బయటివి కావు, మనవే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టే చెమ్మ లాంటివి. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ చోటైనా ఆవిరి నీరైపోతుంది. మొదట అద్దం, తర్వాత బయటి గోడ మూల, ఆ తర్వాత బీరువా వెనక. అద్దం మీదిది తుడిచేస్తాం. బీరువా వెనకది మార్చిలో సామాను జరిపినప్పుడు నల్లటి బూజుగా బయటపడుతుంది. దాన్ని ఇక్కడ షిమ్మెల్ అంటారు. ఇంటి ఓనర్‌తో గొడవలకు మొదటి మెట్టు. అందుకే బయటి గోడకీ బీరువాకీ మధ్య నాలుగు వేళ్ల సందైనా వదలండి.

మందు: ష్టోస్‌లూఫ్టెన్. అంటే కిటికీ బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయడం. రోజుకు మూడు నాలుగు సార్లు, ముఖ్యంగా నిద్ర లేవగానే, స్నానమయ్యాక, వంటయ్యాక. ఎదురెదురు కిటికీలుంటే ఇంకా త్వరగా అయిపోతుంది. ముందు హీటర్ నాబ్ కట్టేయండి. లేకపోతే చల్లగాలి తగిలి అది ఇంకా ఎక్కువ కాలుతుంది. కిటికీ పైభాగం కాస్త వాల్చి రోజంతా వదిలేస్తే గాలి మారేది తక్కువ, గోడ చల్లబడేది ఎక్కువ.

"వాన పడుతుంటే కూడా తెరవాలా?" అని అందరూ అడుగుతారు. తెరవాలి. మన దగ్గర వానగాలి వెచ్చగా, తేమతో బరువుగా ఉంటుంది; తలుపులు తీస్తే బట్టలు ముక్కిన వాసన వేస్తాయి. ఇక్కడి 5 డిగ్రీల గాలి వానలో కూడా ఘనమీటరుకు 7 గ్రాముల నీటికి మించి మోయలేదు. అదే గాలి గదిలో 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 40 శాతం దగ్గరికి దిగిపోతుంది.

పది యూరోల దగ్గర దొరికే హైగ్రోమీటర్ (గదిలో తేమ కొలిచే పరికరం) ఒకటి కొనండి. 40-60 శాతం మధ్య ఉంటే టెన్షన్ లేదు. మా ఇంట్లో పప్పు, అన్నం, సాంబారు ఒకేసారి పొయ్యెక్కితే ముల్లు 70 దాటేది. పొయ్యి మీద చిమ్నీ ఉందిగా అనుకోకండి: చాలా అద్దె ఇళ్లలో అది గాలిని ఫిల్టర్ చేసి మళ్లీ గదిలోకే వదులుతుంది, నూనె జిడ్డు ఆగుతుంది కానీ ఆవిరి ఆగదు. బట్టలు కూడా అంతే, ఒక్క లోడు ఆరితే రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. బిల్డింగ్ కింద ఆరేసుకునే గది ఉంటే అక్కడే వేయండి.

బూజు కనిపిస్తే దాని మీద రంగు వేసి దాచకండి. ఫొటో తీసి వెంటనే ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పండి; అద్దెకున్నవారికి చట్ట ప్రకారం ఆ బాధ్యత ఉంది. "సరిగా లూఫ్టెన్ (గాలి మార్చడం) చేస్తున్నారా?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న అవుతుంది. హైగ్రోమీటర్ ఫొటోలు కొన్ని తేదీలతో దాచుకుంటే అప్పుడు పనికొస్తాయి.

చెమ్మ రెండు అద్దాల మధ్యలో, తుడవడానికి అందని చోట ఉంటే మాత్రం మీరెంత గాలి మార్చినా పోదు. సీలు పోయిందని అర్థం, అద్దం మార్పించమని ఓనర్‌ను అడగండి.