చింతగింజలతో కాల్విన్ వలయం: పదకొండో తరగతికి పాఠం చెప్పే పద్ధతి

మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే చర్యల చక్రమే కాల్విన్ వలయం. దాన్ని మొదలుపెట్టే రోజు నేను బోర్డు మీద ఒక్క పేరు కూడా రాయను. రూబిస్కో ఊసెత్తను, ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం జోలికి పోను, బాణాలతో చక్రం గీయను. నలుగురు పిల్లలకు కలిపి ఒక గుప్పెడు చింతగింజలు ఇస్తాను. పేర్లు రెండో రోజుకు. మొదటి రోజంతా లెక్కే.

నేను బెంగుళూరులో మొదటి పీయూసీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. హిందూపురం, మదనపల్లె, కోలారు వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామంది. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య తిరిగే పిల్లలకు మొదటి నిమిషంలోనే పది రసాయనాల పేర్లు పెడితే వాళ్లు చేసేది ఒకటే: చక్రాన్ని బొమ్మలా బట్టీ పడతారు. ఆ బొమ్మ పరీక్షలో దించేస్తారు. అదే పిల్లను ఆపి, ‘మూడు కార్బన్‌లు లోపలికి వచ్చాయి కదా, బయటికి ఎన్ని పోయాయి?’ అని అడిగితే గతుక్కుమంటుంది. వచ్చినన్ని పోయాయని చెప్పగలిగితే వలయం సగం అర్థమైనట్టే. అందుకే ముందు గింజలు.

మొదటి పీరియడ్: పద్దెనిమిది గింజలు

కాంతి చర్యలు అంతకు ముందే అయిపోయి ఉండాలి. వాటిలోంచి ఈ పాఠానికి కావలసింది ఒక్క వాక్యం: వెలుతురు వల్ల శక్తినిచ్చే ఏటీపీ, హైడ్రోజన్‌ను అందించే ఎన్ఏడీపీహెచ్ తయారై హరితరేణువు లోపలి ద్రవమైన అవర్ణికలో సిద్ధంగా ఉన్నాయి. దాన్ని బోర్డు మూలన రాసి వదిలేయండి.

ఒక్కో జట్టుకు పద్దెనిమిది గింజలు కావాలి. వాటిలో మూడింటి మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. ఇప్పుడు నగరంలో ఇళ్లకు గింజ తీసిన చింతపండే వస్తోంది కాబట్టి పిల్లల్ని తెమ్మంటే దొరకవు. నేను ఎండాకాలంలో మా ఊళ్లో చింతపండు కొట్టేటప్పుడు ఒక డబ్బాడు తెచ్చి పెట్టుకుంటాను. లేకపోతే చొక్కా గుండీలైనా సరే. శనగల్లాంటివి వద్దు, పీరియడ్ అయ్యేలోగా తినేస్తారు.

చుక్క లేని పదిహేను గింజల్ని అయిదేసి చొప్పున మూడు వరుసలు పేర్చమనండి. అవి ముందే ఆకులో ఉన్నవి. చుక్క గింజలు మూడూ గాలిలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్. ఒక్కో వరుసకు ఒక్కో చుక్క గింజ చేర్చితే ఆరేసి గింజల వరుసలు మూడు అవుతాయి. ఆరు గింజల వరుస నిలవదు, వెంటనే మూడేసిగా విరిగిపోతుంది. అంటే ఆరు కుప్పలు, కుప్పకు మూడు.

ఇక్కడ ఆపి, ఒక కుప్ప బయటికి పంపమని చెప్పండి. మొక్కకు మిగిలే లాభం అదే. దాదాపు అన్ని జట్లూ చుక్క ఉన్న కుప్పనే పంపబోతాయి. ‘ఎందుకు?’ అని అడగండి. ‘కొత్తగా వచ్చిన కార్బన్ అదే కదా, మ్యామ్’ అంటారు. అప్పుడు ఆరు కుప్పల్నీ చూడమనండి. మూడింటిలో చుక్క ఉంది, మూడింటిలో లేదు. మొక్కకు చుక్క కనబడదు, ఏ కుప్ప పోయినా దానికి ఒకటే. ఈ చుట్టులో పీల్చిన కార్బన్ ఈ చుట్టులోనే పూర్తిగా చక్కెరగా మారి బయటపడదనీ, పాత కార్బన్‌తో కలిసిపోయి కొన్ని చుట్లు తిరగవచ్చనీ ఆ చుక్కలే చెబుతాయి. దీనికి నేను వేరే వివరణ ఇవ్వను.

బయటికి ఒకటి, లోపల అయిదు. అయిదు కుప్పలూ ఎందుకు ఆపుకోవాలి? మళ్లీ అయిదేసి గింజల మూడు వరుసలు సిద్ధం కాకపోతే తర్వాతి చుట్టులో కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరడానికి చోటు ఉండదు. ఆరు బస్తాలు పండిస్తే అయిదు బస్తాలు విత్తనానికే తీసిపెట్టాల్సిన రైతు పరిస్థితి ఇది. రైతుబిడ్డలున్న క్లాసులో ఈ మాట అన్నాక ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

చిక్కుముడి: అయిదు మూళ్లను మూడు అయిదులు చేయడం

పుస్తకాలు ఈ భాగాన్ని ‘పునరుత్పత్తి దశ’ అని ఒక బాణంతో తేల్చేస్తాయి. నాకు మాత్రం పాఠం మొత్తంలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే, తొందరపడకండి. సగం పీరియడ్ దీనికే ఇవ్వండి.

పిల్లల ముందు మూడేసి గింజల కుప్పలు అయిదు ఉన్నాయి. వాటిని అయిదేసి గింజల కుప్పలు మూడుగా మార్చాలి. రెండే నియమాలు. ఒకటి: మూడు గింజల కుప్పను ఇంకో మూడు గింజల కుప్పతోగాని, నాలుగు గింజల కుప్పతోగాని పూర్తిగా కలపవచ్చు. రెండు: ఆరో ఏడో గింజలున్న కుప్పలోంచి సరిగ్గా రెండు గింజలు తీసి మూడు గింజల కుప్పకు ఇవ్వవచ్చు. ఒకే ఒక్క గింజను విడిగా కదపడం మాత్రం కుదరదు.

కొందరు ఉత్సాహంగా రెండు ఆరులు చేసేసి, ఒక దానిలోంచి రెండు తీసి మిగిలిన మూడుకు ఇస్తారు. చేతిలో అయిదు, నాలుగు, ఆరు మిగిలి దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఆరులోంచి నాలుగుకు ఒక్క గింజ కదిపితేగాని పని జరగదు. వాళ్లను అలాగే చిక్కుకోనివ్వండి. కాసేపటికి ఏదో ఒక జట్టు దారి పట్టుకుంటుంది: మూడూ మూడూ కలిస్తే ఆరు. ఆరులోంచి రెండు మూడుకు పోతే, ఒక అయిదు తయారై నాలుగు మిగులుతుంది. ఆ నాలుగుకు మూడు కలిస్తే ఏడు. ఏడులోంచి రెండు చివరి మూడుకు పోతే ఇటు అయిదు, అటు అయిదు. మొత్తం మూడు అయిదులు.

ఆకులో జరిగేది అచ్చం ఇదే. కుప్పల్ని కలిపే ఎంజైమ్ ఆల్డోలేజ్, రెండు కార్బన్‌లను మోసుకుపోయేది ట్రాన్స్‌కీటోలేజ్. ఆరు కార్బన్‌లది ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్, ఏడు కార్బన్‌లది సెడోహెప్టులోజ్ ఫాస్ఫేట్. ఈ పేర్లు పీయూసీ పరీక్షకు అవసరం లేదు, చెప్పినా రాసుకోమనను. దారి తామే కనిపెట్టామన్న ధీమా చాలు.

ఖర్చు లెక్క

రెండో పీరియడ్‌లో అవే గింజలతో ఇంకోసారి చుట్టు తిప్పించండి. ఈసారి ఏటీపీకి ఎర్ర కాగితం ముక్కలు, ఎన్ఏడీపీహెచ్‌కు నీలం ముక్కలు. ఆరు కుప్పలకూ తలా ఒక ఎర్ర ముక్క, తలా ఒక నీలం ముక్క ఖర్చు, ఆ ఖర్చుతోనే కుప్పలు చక్కెరగా మారతాయి. ఒక కుప్ప బయటికి పోయాక, చివర తయారైన మూడు అయిదులకు తలా ఇంకో ఎర్ర ముక్క. అంటే మూడు కార్బన్ డయాక్సైడ్‌లకు 9 ఏటీపీ, 6 ఎన్ఏడీపీహెచ్. బయటికి వచ్చింది మూడు కార్బన్‌ల చక్కెర ఒకటి. ఆరు కార్బన్‌ల గ్లూకోజ్ కావాలంటే అంతా రెట్టింపు: 18 ఏటీపీ, 12 ఎన్ఏడీపీహెచ్. నీట్‌లో, సీఈటీలో అడిగే ప్రశ్న ఇదే. ముక్కలు చేత్తో పెట్టిన పిల్లకు ఈ అంకెలు బట్టీ పట్టే పని లేదు, మరిచిపోయినా మళ్లీ లెక్కేసుకుంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పండి: వలయం లోంచి బయటపడేది గ్లూకోజ్ కాదు, మూడు కార్బన్‌ల ట్రయోజ్ ఫాస్ఫేట్. అది హరితరేణువు లోపలే ఉంటే పిండిపదార్థం అవుతుంది, కణద్రవ్యంలోకి వెళితే సుక్రోజ్ అవుతుంది.

ఇప్పుడు పేర్లు, వాటితోపాటు బర్క్‌లీ కథ

కుప్పలు చేతికి అలవాటయ్యాయి కాబట్టి పేర్లు సులువుగా అతుక్కుంటాయి. అయిదు గింజల వరుస ఆర్‌యూబీపీ. విరిగిన మూడు గింజల కుప్ప పీజీఏ, అంటే ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం. చుక్క గింజను అతికించే ఎంజైమ్ రూబిస్కో. బోర్డు మీద చక్రం ఇప్పుడు గీయండి, ప్రతి పేరు కిందా గింజల సంఖ్య రాయండి.

చుక్క గింజల నుంచే కథలోకి వెళ్లవచ్చు. 1940లో మార్టిన్ కేమెన్, శామ్ రూబెన్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14ను కనుగొన్నారు. అది నిజమైన చుక్క గింజ. యుద్ధం ముగిశాక అక్కడే మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ క్లోరెల్లా అనే శైవలాన్ని బల్లపరుపు గాజుపాత్రలో పెంచి, వెలుతురు పెట్టి, కార్బన్-14 ఉన్న కార్బన్ డయాక్సైడ్ అందించారు. కొన్ని సెకన్లకే ఆ శైవలాన్ని వేడి ఆల్కహాల్‌లోకి వదిలి చర్యలన్నీ ఆపేశారు. అందులోని పదార్థాలను కాగితం మీద వేరుచేసి, ఎక్స్‌రే ఫిల్మ్ ఆనించి, ఏ మచ్చ నల్లబడిందో చూశారు. సమయం తగ్గించేకొద్దీ చుక్క ఎక్కువగా ఒకే పదార్థంలో కనబడింది: పీజీఏ.

ఇక్కడ పిల్లల్ని అడగండి: మొదటి పదార్థంలో మూడు కార్బన్‌లున్నాయి, లోపలికి వచ్చింది ఒకటి, మరి దాన్ని అందుకున్నదానిలో ఎన్ని ఉండాలి? గింజలు ఆడని క్లాసు ‘రెండు’ అంటుంది. ఆ శాస్త్రవేత్తలు కూడా మొదట రెండు కార్బన్‌ల పదార్థం కోసమే వెతికారు. అది అయిదు కార్బన్‌ల ఆర్‌యూబీపీ అని తేలడానికి చాలా శ్రమ పట్టింది. మన పిల్లలు గింజలు విరగ్గొట్టారు కాబట్టి ‘అయిదు’ అని వెంటనే అంటారు. 1961లో రసాయనశాస్త్ర నోబెల్ కాల్విన్ ఒక్కరికే వచ్చింది. బెన్సన్, బాషమ్‌ల పేర్లు కూడా పిల్లల నోట్సులో ఉండాలని నేను పట్టుబడతాను.

దీపం ఆర్పితే?

అర్థమైందో లేదో తేల్చే ప్రశ్న ఇది. వలయం సాఫీగా తిరుగుతుండగా దీపం ఆర్పేస్తే పీజీఏ, ఆర్‌యూబీపీల్లో ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? గింజలు ముందు పెట్టుకునే జవాబు చెప్పమనండి. ఎర్ర, నీలం ముక్కలు రావడం ఆగిపోతుంది. ఉన్న వరుసలకు చుక్క గింజలు కాసేపు చేరుతూనే ఉంటాయి, విరుగుతూనే ఉంటాయి. విరిగిన కుప్పలు ముందుకు కదలవు. కాబట్టి పీజీఏ పేరుకుంటుంది, ఆర్‌యూబీపీ తరిగిపోతుంది. దీపం ఉంచి కార్బన్ డయాక్సైడ్ ఆపితే తలకిందులు: ఆర్‌యూబీపీ పేరుకుంటుంది, పీజీఏ తగ్గుతుంది. బర్క్‌లీలో కొలిచినప్పుడు కనబడిందీ ఇదే.

వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు: ‘మరి ఈ చర్యలు రాత్రి జరుగుతాయన్నారే?’ జరగవు. ముక్కల సరఫరా ఆగడం ఒక కారణం. రెండోది, ఈ వలయంలోని కొన్ని ఎంజైములు పనిచేయడానికే వెలుతురు కావాలి. పగలు అవర్ణికలో పీహెచ్ సుమారు 7 నుంచి 8కి పెరుగుతుంది, మెగ్నీషియం పెరుగుతుంది, థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ కొన్ని ఎంజైములను మేలుకొలుపుతుంది. రాత్రి అవి ఆగిపోతాయి.

కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రి పీల్చే మొక్క కూడా ఈ వలయాన్ని పగలే తిప్పుతుందని చూపడానికి రణపాల కుండీ ఒకటి మెట్ల మీద పెట్టండి, ఎండ తగలాలి. పొద్దున్నే మొదటి పీరియడ్‌కు ముందు ఒక ఆకు తుంచి, రోట్లో కొద్ది నీళ్లతో నూరి, పీహెచ్ కాగితం ముంచండి. సాయంత్రం ఆఖరి పీరియడ్‌కు అదే మొక్క నుంచి అంతే ఆకు, అన్నే నీళ్లు. రెండు కాగితాలూ పక్కపక్కన నోట్సులో అతికించమనండి. పొద్దుటి రసంలో ఆమ్లం ఎక్కువ. కిడ్నీలో రాళ్లకని ఈ ఆకు నమిలే ఇళ్లున్నాయి కాబట్టి పిల్లలు రుచి చూస్తామంటారు. ఒప్పుకోకండి, గుండె మీద పనిచేసే పదార్థాలు ఆ మొక్కలో ఉన్నాయి.

ఈ పులుపు తేడాను రాసిపెట్టినవాడు బెంజమిన్ హేన్. సామర్లకోటలో కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు, టిప్పు సుల్తాన్ పతనం తర్వాత మన బెంగుళూరు లాల్‌బాగ్ తోట బాధ్యత కూడా చూశాడు. రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి, పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు పోతుందని ఆయన రాసిన లేఖ 1815లో అచ్చయింది. లాల్‌బాగ్‌కు వాకింగ్‌కు వెళ్లే పిల్లలకు ఈ సంగతి చెబితే ముఖాలు విప్పారతాయి.

వివరణ ఇంతే: రణపాల రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు రంధ్రాలు మూసుకుని దాన్ని లోపలే వదులుతుంది. రాత్రి గాలి పీల్చే ఈ మొక్క కూడా కాల్విన్ వలయాన్ని పగలే తిప్పుతుంది.

రూబిస్కో ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుందన్న సంగతి ఈ పాఠంలో ఒక్క ముక్కగా చెప్పి, కార్బన్ డయాక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్‌ల పదార్థంగా పట్టే సీ4 మొక్కలకు వేరే రోజు పెట్టుకోండి. ఆ రోజుకు రాగులు మొలకెత్తించి ఉంచండి. రాగి సీ4. వరి సీ3, అంటే నేరుగా మూడు కార్బన్‌ల పీజీఏగా పట్టేది. కూరల్లో తోటకూర సీ4, పాలకూర సీ3. రాగి ఆకును అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఈనెల చుట్టూ ఆకుపచ్చ కణాల ఉంగరం కనబడుతుంది.

యూనిట్ టెస్టులో నేను బొమ్మ గీయమని అడగను. ‘ఆరు పీజీఏల్లో ఎన్నింటిలో కొత్త కార్బన్ ఉంది? బయటికి పోయే చక్కెరలో అది తప్పకుండా ఉంటుందా? కారణం రాయండి’ అని అడుగుతాను. ‘మూడింటిలో’ అన్నదానికి ఒక మార్కు, ‘ఉండొచ్చు, ఉండకపోవచ్చు’ అన్నదానికి ఒకటి, కారణానికి మూడు. కారణం గింజల భాషలో, తెలుగు ఇంగ్లీషు కలిపి రాసినా పూర్తి మార్కులు వేయండి.