బైక్‌కి ఏ రంగు తీసుకోవాలి? ఆ మెరుపు పోకుండా ఎలా చూసుకోవాలి?

షోరూం లైట్ల కింద అన్ని రంగులూ మెరుస్తాయి. బైక్ రంగు సంగతి అసలు బయటపడేది ఎండలో, అదీ కాస్త దుమ్ము పట్టాక. మీరు తీసుకుందామనుకుంటున్న మోడల్, అదే రంగులో ఏడాదో రెండేళ్లో వాడిన బండి ఎక్కడైనా పార్క్ చేసి కనిపిస్తే, దగ్గరికి వెళ్లి ట్యాంకు చూడండి. మోకాళ్లు ఒరుసుకునే చోటు, సీటుకి ముందు బెల్టు బకిల్ తగిలే చోటు, తాళాల గుత్తి ఊగుతూ కొట్టుకునే చోటు ఎలా ఉన్నాయో గమనించండి. బ్రోచర్ చెప్పనివన్నీ అక్కడ తెలుస్తాయి.

తర్వాత మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. బండి రోజంతా నీడలో ఉంటుందా, ఎండలోనా? దాన్ని ఓపిగ్గా కడిగే తీరిక మీకుందా? రంగు నచ్చడం ఎంత ముఖ్యమో ఈ జవాబులూ అంతే ముఖ్యం.

1. ముందు ఫినిష్ తేల్చుకోండి

చాలా బైకులకు కింద ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత), దాని మీద రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్‌కోట్ ఉంటాయి. మనకు కనిపించే మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఇకపై మీరు చేసే ప్రతి పనీ ఆ పల్చటి పొరను కాపాడుకోవడానికే.

సాలిడ్ రంగుల్లో మెరుపు రేణువులు ఉండవు. తర్వాత ఎప్పుడైనా టచప్ చేయించాలంటే ఇవే సులువు. మెటాలిక్‌లో సన్నటి అల్యూమినియం రేణువులు కలుస్తాయి, చిన్నచిన్న గీతలు వాటి తళుకులో కలిసిపోతాయి. పెర్ల్‌లో అభ్రకం రేణువులు ఉండటం వల్ల చూసే కోణాన్ని బట్టి షేడ్ మారుతుంది. అందం బాగుంటుంది కానీ ఒక్క ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేస్తే పక్కదానితో కలవడం కష్టం, రేణువులు పరుచుకున్న తీరు మారితే షేడే మారిపోతుంది.

మ్యాట్ గురించి మాత్రం బాగా ఆలోచించండి. దాని పై పొర కంటికి కనిపించనంత గరుకుగా ఉండి, వెలుతురును చెదరగొడుతుంది. అందుకే మెరవదు. అదే చోట పదేపదే రుద్దితే ఆ గరుకుదనం అరిగి, మెరిసే మచ్చ పడుతుంది. పాలిష్ పెట్టి సరిచేద్దామంటే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. మ్యాట్‌కి పాలిష్, మామూలు వ్యాక్స్, రబ్బింగ్ కాంపౌండ్ (గీతలు అరగదీసే పేస్టు) ఏవీ పనికిరావు. దానికోసమే చేసిన క్లీనర్ మాత్రమే వాడాలి. వచ్చేపోయేవాళ్లు ఆనుకునే చోట బండి పెట్టేవాళ్లకు నేనైతే మ్యాట్ వద్దంటాను.

2. ఇక రంగు

గ్లాసీ నలుపు కడిగిన వెంటనే ఉన్నంత అందంగా మరే రంగూ ఉండదు. దుమ్ముని, గీతల్ని అంత బాగా చూపించే రంగూ మరొకటి లేదు. ఎండలో ట్యాంకు మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించే సన్నటి గీతలు నలుపు మీదే కొట్టొచ్చినట్టు తెలుస్తాయి. సిల్వర్, బూడిద రంగులు అన్నిటినీ దాచిపెడతాయి, తీరిక లేనివాళ్లకు ఇవే హాయి. తెలుపు మీద గీతలు పెద్దగా కనిపించవు కానీ, వెనక చక్రం దగ్గర చైన్ లూబ్ చుక్కలు, తారు మరకలు వెంటనే కనిపిస్తాయి. ఎరుపు కొంటుంటే పార్కింగ్ చూసుకోండి. కొన్ని ఎరుపు పిగ్మెంట్లు ఎండకి త్వరగా వెలిసిపోతాయి.

ముదురు రంగు బండి రోడ్డు మీద కనిపించదేమో అని టెన్షన్ పడేవాళ్లుంటారు. దీని మీద న్యూజిలాండ్‌లో జరిగిన అధ్యయనం ఒకటి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. బైక్ ముందు భాగం రంగుకీ, ప్రమాదంలో గాయపడే ముప్పుకీ అందులో సంబంధం కనిపించలేదు. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాళ్లలో ముప్పు 24 శాతం తక్కువగా, రిఫ్లెక్టివ్ లేదా ఫ్లోరోసెంట్ దుస్తులు వేసుకున్నవాళ్లలో 37 శాతం తక్కువగా ఉంది. కాబట్టి బండికి నచ్చిన రంగే తీసుకోండి, హెల్మెట్ మాత్రం లేత రంగులో ఎంచుకోండి.

3. పొడి గుడ్డతో తుడవడం మానేయండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి. పొద్దున్నే బండి తీసేముందు సీటు కింద ఉన్న గుడ్డతో ట్యాంకు మీద దుమ్ము దులపడం చాలామందికి అలవాటు. ఆ దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. గుడ్డతో నొక్కి తుడిచినప్పుడల్లా అవి క్లియర్‌కోట్ మీద గీసుకుంటూ పోతాయి. కొన్ని నెలలకి కొత్త బండి మసకబారడానికి ముఖ్య కారణం ఎండ కాదు, ఈ గుడ్డే. దుమ్ముగా ఉంటే అలాగే నడపండి, బండికి ఏమీ కాదు. నీళ్లు పోసి కడిగేటప్పుడే తుడవండి.

4. కడిగే పద్ధతి

ఇంజిన్ చల్లారాలి, బండి నీడలో ఉండాలి. వేడి ట్యాంకు మీద షాంపూ నీళ్లు ఆరిపోతే మరకలు పడతాయి. ముందు ఉత్త నీళ్లు ధారాళంగా పోసి ఇసుక, మట్టి జారిపోనివ్వండి. ప్రెషర్ వాషర్ వాడితే చక్రాల బేరింగులు, చైన్, స్విచ్చులు, స్టిక్కర్ల అంచుల మీదకి దగ్గర నుంచి కొట్టొద్దు.

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో వాహనాల షాంపూ, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కునే మెత్తటి గ్లోవ్) షాంపూలో ముంచి ఒక భాగం రుద్దాక, మామూలు నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో పెట్టండి. పై నుంచి కిందికి రావాలి. చక్రాలకీ చైన్ వైపుకీ వేరే గుడ్డ వాడండి, దాన్ని పొరపాటున కూడా ట్యాంకు మీద పెట్టొద్దు. గిన్నెలు తోమే సబ్బు వాడితే వ్యాక్స్ పొర పోతుంది. చివర్లో మెత్తటి పొడి మైక్రోఫైబర్‌ని అద్దుతూ నీళ్లు తీసేయండి.

5. వెంటనే తీయాల్సినవి

పక్షి రెట్టలో యాసిడ్ ఉంటుంది, ఎండలో వదిలేస్తే క్లియర్‌కోట్‌లోకి తినేస్తుంది. తడి గుడ్డ కాసేపు దాని మీద కప్పి, మెత్తబడ్డాక ఎత్తేయండి, గోకొద్దు. పెట్రోల్ పోయించేటప్పుడు ట్యాంకు మీద ఒలికితే అక్కడే తుడవాలి. వీటన్నిటికంటే ప్రమాదం బ్రేక్ ఆయిల్. డాట్ 3, డాట్ 4 రకాలు పెయింట్‌ని ఊడగొట్టేస్తాయి. చుక్క పడ్డా వెంటనే ఎక్కువ నీళ్లు పోసి కడిగేయండి. బ్రేక్ పని జరుగుతున్నప్పుడు ట్యాంకు మీద తడి గుడ్డ కప్పమని మెకానిక్‌కి చెప్పండి.

6. వ్యాక్స్, పాలిష్ ఒకటి కాదు

వ్యాక్స్ పెయింట్ మీద రక్షణ పొర వేస్తుంది. పాలిష్ క్లియర్‌కోట్‌ని కొంచెం అరగదీసి గీతలు పోగొడుతుంది. ఉన్న పొరే పల్చన కాబట్టి ప్రతి సర్వీసులోనూ పాలిష్ చేయించడం మంచిది కాదు, అవసరమైనప్పుడే చేయించండి. వ్యాక్స్ మాత్రం రెండు మూడు నెలలకోసారి పెట్టుకోవచ్చు. నీళ్లు చుక్కలుగా నిలవకుండా పరుచుకుంటున్నాయంటే వ్యాక్స్ అయిపోయిందని గుర్తు. సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కానీ రాళ్లు తగిలితే అది ఆపలేదు. మోకాళ్లు ఒరుసుకునే చోట పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అతికించుకుంటే రాపిడి పెయింట్‌కి తగలదు. బండి కొత్తగా ఉన్నప్పుడే అతికించాలి.

7. గీత పడితే

గోరు మెల్లగా అడ్డంగా లాగి చూడండి. తగలకపోతే గీత పై పొరలోనే ఉంది, పాలిష్‌తో పోవచ్చు. గోరు ఆగితే లోతుగా దిగినట్టు. ట్యాంకు, మడ్‌గార్డు ఇనుపవైతే లోహం కనిపించేంత గీతకి ఆలస్యం లేకుండా టచప్ పెయింట్ వేయాలి, లేదంటే తుప్పు పడుతుంది. రంగు పేరు చెప్పి కొనొద్దు, కంపెనీ కలర్ కోడ్ చూసి కొనండి.

కవర్ వేసేవాళ్లు గాలి ఆడే గుడ్డది తీసుకోండి. దుమ్ము పట్టిన బండి మీద కవర్ లాగితే అదీ పొడి గుడ్డతో తుడిచినట్టే.

మొత్తం బండికి కొత్త పెయింట్ వేయించారంటే, పెయింటర్ చెప్పిన గడువు దాకా వ్యాక్స్ పెట్టకండి, పొరలోని సాల్వెంట్ బయటికి పోవాలి. రంగు మార్చారంటే రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ మార్పించాల్సి రావచ్చు, ఆ నిబంధన పెయింట్ వేయించకముందే కనుక్కోండి.